మనసు వైద్యం తెలుసుకుందాం – 3వ పాఠం: తొమ్మిది ప్రశ్నల కాగితం

డాక్టరు మొదటిసారి మాట్లాడేటప్పుడు ఏమేం గమనిస్తారో పోయిన పాఠంలో చూశాం. ఈసారి పిహెచ్‌క్యూ-9 అనే కాగితాన్ని చదవడం నేర్చుకుందాం. డిప్రెషన్ ఉందేమో చూడటానికి 2001 నుంచి ఇది వాడుకలో ఉంది. తెలుగులోనూ దొరుకుతుంది. పెన్ను దగ్గర పెట్టుకోండి.

గత 2 వారాల్లో ఎలా ఉన్నారన్నదే ఇందులో ప్రశ్న. అడిగేవి వరసగా ఇవి: ఆసక్తి తగ్గడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, నేను పనికిరానిదాన్ని అనిపించడం, ధ్యాస నిలవకపోవడం, మందకొడితనం లేదా అస్థిమితం, చివరగా చనిపోతే బాగుండునన్న ఆలోచన. అస్సలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగం రోజులకు మించితే 2, దాదాపు రోజూ అయితే 3. మొత్తం 27. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి కాస్త తీవ్రం, 20 నుంచి తీవ్రం.

అభ్యాసం కోసం ఒకావిడను ఊహించుకుందాం. వయసు 45. పై వరసలోనే ఆమె వేసుకున్న మార్కులు: 2, 1, 3, 3, 2, 0, 1, 0, 0. కూడండి.

12 వచ్చింది కదా. మధ్యస్థం. ఆమెకు డిప్రెషన్ ఉన్నట్టేనా? తొందరపడకండి. నిద్ర, నీరసం, ఆకలి, ఈ మూడింటివే 8 మార్కులు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా ఇవి ఇలాగే ఉండొచ్చు. అందుకే డాక్టరు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు రాస్తారు. 'మనసు బాగోలేదంటే రక్తపరీక్ష ఎందుకు, డబ్బులు గుంజడానికా' అని ఇంట్లోవాళ్ళు విసుక్కోవడం నేను చాలాసార్లు విన్నాను. దయచేసి ఆ పరీక్షలు మానకండి.

ఇంకొకటి చూడండి. డిప్రెషన్ అని తేల్చాలంటే తొమ్మిదిలో కనీసం 5 లక్షణాలు 2 వారాల పాటు దాదాపు రోజూ ఉండాలి. వాటిలో దిగులో, ఆసక్తి తగ్గడమో ఒకటి తప్పనిసరి. ఈమెకు 2 గానీ 3 గానీ వచ్చినవి నాలుగే. అలాగని ఏమీ లేదని పంపించేయరు. ఆమెతో ఇంకా మాట్లాడాలి. మనవాళ్ళు చాలామంది దిగులు అని చెప్పరు, ఒళ్ళు నొప్పులు, గుండె దడ అంటారు. కాగితం మీద 1 వేసినావిడే ఆప్యాయంగా అడిగితే ఏడ్చేయొచ్చు.

తొమ్మిదో ప్రశ్నకు మాత్రం మొత్తంతో పనిలేదు. అక్కడ 1 ఉన్నా ఆ రోజే మాట్లాడాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం వద్దు, అలా జరగదు. డాక్టరు దగ్గర లేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ సేవ. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

చికిత్స మొదలయ్యాక ఇదే కాగితం మళ్ళీ నింపిస్తారు. 18 ఉన్నది 9కి దిగితే చికిత్స పనిచేస్తున్నట్టే, కానీ పూర్తిగా కోలుకున్నట్టు కాదు. 5 లోపుకు రావాలి. చాలామంది ఈ సగం దారిలోనే 'బాగానే ఉంది కదా' అని మాత్రలు ఆపేస్తారు. ఆపితే ఏమవుతుందో 4వ పాఠంలో చూద్దాం.

ఈలోగా ఒక పని. ఈ మార్కులు కూడండి: 3, 3, 1, 1, 0, 2, 2, 0, 1. మొత్తం ఎంతో రాసి, డాక్టరు మొదట ఏ ప్రశ్న గురించి మాట్లాడతారో దాని కింద గీత గీయండి.