కంబోడియాలోని సియెమ్ రీప్‌లో గోల్ఫ్, అంగ్‌కోర్ గుళ్లు: బయల్దేరే ముందు జాగ్రత్తలు

- నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. ఏప్రిల్ ఎండలో ఆటా సాగదు, గుడి మెట్లూ ఎక్కలేరు.

- ఆటకూ గుళ్లకూ మంచి సమయం తెల్లవారుజామే. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. సూర్యోదయానికి అంగ్‌కోర్ వాట్ చేరాలంటే 5 గంటలకల్లా అక్కడుండాలి.

- గుళ్ల పాస్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. మూడు రోజుల పాస్‌ను పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు కాబట్టి మధ్యలో గోల్ఫ్ పెట్టుకునేవాళ్లకు అదే మేలు. పాస్ మీద మీ ఫొటో ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వడం కుదరదు.

- గోల్ఫ్ షార్ట్స్‌తో నేరుగా గుడికి రావద్దు. భుజాలు, మోకాళ్లు కప్పాలి. స్పైకుల బూట్లు మార్చుకోండి, ఆ రాళ్లు దాదాపు 900 ఏళ్లనాటివి.

- అంగ్‌కోర్ వాట్ పై అంతస్తు బాకాన్‌కు పన్నెండేళ్లలోపు పిల్లల్ని పంపరు. బౌద్ధ పర్వదినాల్లో అది మూసేస్తారు.

- చిరిగిన డాలర్ నోట్లు తీసుకోరు.

- దూరపు గుళ్ల దగ్గర బాట దాటకండి, మందుపాతరల భయం ఇంకా ఉంది.

- అంగ్‌కోర్ వాట్ తూర్పు గ్యాలరీలో క్షీరసాగర మథనం శిల్పం దాదాపు 49 మీటర్లుంటుంది. మనకు తెలిసిన కథే. దానికి కనీసం గంట కేటాయించండి, ఆట ఒక రౌండ్ తగ్గినా సరే.