ఇంటర్వ్యూ పిలుపు చెత్త మెయిళ్లలో కలిసిపోకూడదంటే ఏం చేయాలి?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో డిగ్రీ ముగించి ఉద్యోగానికి దరఖాస్తు చేసేవారికి హాల్‌టికెట్ కబురైనా, ఇంటర్వ్యూ పిలుపైనా మెయిలుకే వస్తుంది. అదే మెయిలుకు రుణాల ప్రకటనలు, చీరల తగ్గింపు ధరలు, ఎవరో తెలియని వాళ్ల బహుమతులు కూడా వచ్చి పడుతుంటాయి. విసిగిపోయి ఇన్‌బాక్స్ తెరవడమే మానేస్తే, ఏడాది చదువు ఒక్క మెయిలుతో చేజారవచ్చు. అందుకే ఒక ఆదివారం ఈ పని పెట్టుకోండి. ఎక్కువమంది వాడేది జీమెయిల్ కాబట్టి దాని ప్రకారమే చెబుతాను.

ముందుగా చెత్తను రెండు రకాలుగా విడదీయాలి. మొదటిది, ఏదో కొన్నప్పుడో యాప్ పెట్టుకున్నప్పుడో మనమే చిరునామా ఇచ్చిన సంస్థలది. వీటికి మెయిలు పైభాగంలో, పంపినవారి పేరు దగ్గర కనిపించే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే చాలు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపే సంస్థలు తమ ప్రచార మెయిళ్లలో ఈ వీలు కల్పించాలని 2024లో గూగుల్ నిబంధన తెచ్చింది. రెండు రోజులు చూడండి, ఇంకా వస్తుంటే స్పామ్ (చెత్త మెయిలు) అని రిపోర్ట్ చేయండి.

రెండో రకం, ముక్కూ మొహం తెలియని వాళ్లు పంపేవి. వీటి లోపల ఉండే ‘ఇక పంపవద్దు’ లింకును ఎట్టిపరిస్థితుల్లోనూ నొక్కవద్దు. నొక్కారంటే ఈ చిరునామాను ఎవరో చూస్తున్నారని వాళ్లకు తెలిసిపోతుంది. ఊరికే డిలీట్ చేసినా లాభం లేదు. స్పామ్ అని రిపోర్ట్ చేస్తేనే అలాంటివాటిని జీమెయిల్ గుర్తుపట్టడం నేర్చుకుంటుంది.

నిరుద్యోగులను ఎక్కువగా వలలో వేసేది దొంగ ఉద్యోగ మెయిలు. పైన పెద్ద కంపెనీ పేరు, లోపల ‘మీరు ఎంపికయ్యారు, శిక్షణ రుసుము కట్టండి’ అన్న మాట. పేరు కింద ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కితే అసలు చిరునామా బయటపడుతుంది. కంపెనీ పేరు పెట్టుకుని మామూలు జీమెయిల్ చిరునామా నుంచి వచ్చిందంటే అనుమానించాల్సిందే. చిరునామా సరిగ్గానే కనిపించినా, ఉద్యోగానికి డబ్బు అడిగితే కట్టకండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వారానికోసారి స్పామ్ ఫోల్డర్ తప్పక చూడండి. అసలైన పిలుపులు కూడా ఒక్కోసారి అందులో పడతాయి, 30 రోజులు దాటితే వాటంతట అవే చెరిగిపోతాయి. అలాంటిది కనిపిస్తే ‘స్పామ్ కాదు’ అని నొక్కి, ఆ చిరునామాను కాంటాక్టుల్లో చేర్చుకోండి.

ఉచితంగా దొరికే 15 జీబీ స్థలాన్ని ఫోటోలు, డ్రైవ్, మెయిళ్లు మూడూ పంచుకుంటాయి. అది నిండితే కొత్త మెయిలు రాదు. పాత ప్రకటనలు తీసేశాక ట్రాష్ కూడా ఖాళీ చేస్తేనే చోటు మిగులుతుంది.

ఇకమీదట చెత్త చేరకుండా ఉండాలంటే రెండు చిరునామాలు పెట్టుకోండి. ఒకటి చదువు, ఉద్యోగం, బ్యాంకుకు మాత్రమే. దుకాణంలో లక్కీ డ్రా కూపన్ నింపేటప్పుడు, కొత్త యాప్ పెట్టుకునేటప్పుడు రెండోది ఇవ్వండి.

దరఖాస్తును మీసేవలోనో ఇంటర్నెట్ సెంటర్‌లోనో నింపిస్తుంటే పక్కనే నిలబడి మెయిలు గడిలో ఏం కొడుతున్నారో చూడండి. తొందరలో సెంటర్ వాళ్ల చిరునామా పెట్టేస్తే మీ పిలుపు మీకు రానే రాదు. మీ చిరునామాను కాగితంపై స్పష్టంగా రాసి ఇవ్వండి, సబ్మిట్ నొక్కే ముందు అక్షరం అక్షరం సరిచూడండి. అక్కడి కంప్యూటర్‌లో మీ మెయిలు తెరిచి ఉంటే, లాగౌట్ చేశాకే కుర్చీలోంచి లేవండి.