రిపీట్ డిజైన్‌లో గీతలు, అతుకులు: ఎక్కడ పుడతాయి, ఎలా పోతాయి

స్క్రీన్ మీద ముచ్చటగా ఉన్న పూల డిజైను కుషన్ కవరు మీదకి వచ్చేసరికి గళ్ల లుంగీలా తయారైందని ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు, ఫైలు పంపితే బట్ట మీద ప్రింటు వేసిచ్చే సైట్లకి డిజైన్లు వేసేవాళ్లు తరచూ ఫొటోలు పంపుతుంటారు. కింద "ప్రింటువాడు పాడుచేశాడు" అని ఒక మాట. ఒక్కోసారి అది నిజమే. ఎక్కువసార్లు తప్పు ఫైల్లోనే ఉంటుంది. ఎవరిదో తేల్చడానికి వాదించుకోనక్కర్లేదు, కొలతటేపు చాలు.

ముందు కొలవండి

గుడ్డ మీద ఆ గీత ఎంత దూరానికోసారి తిరిగొస్తోందో చూడండి. మీ టైలు, అంటే గుడ్డంతా పక్కపక్కన పరుచుకునే డిజైను ముక్క, 8 అంగుళాలు, గీత కూడా కచ్చితంగా 8 అంగుళాలకోసారి పడుతోందంటే తప్పు ఫైల్లో ఉన్నట్టే. టైలు కొలతతో పొంతన లేకుండా, ఒకే దిక్కున దగ్గరదగ్గరగా చారలు పడితే ప్రింటర్ హెడ్‌లో ఇంకు చిమ్మే రంధ్రం (నాజిల్) మూసుకుపోయి ఉండాలి, లేదా గుడ్డ సమంగా జరిగి ఉండకపోవాలి. మొత్తం మీద ఒక్కచోటే మచ్చ ఉంటే అది ఇంకు మరకో, గుడ్డలోని లోపమో. ఈ చివరి రెండు రకాలకీ ఫొటో తీసి, పక్కన టేపు పెట్టి పంపిస్తే మళ్లీ ప్రింటు చేసిమ్మని గట్టిగా అడగొచ్చు. మొదటి రకానికి అడిగి లాభం లేదు.

జాకార్డు మగ్గం ఎరిగినవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. డిజైనుని నడిపే చిల్లుల అట్టల వరసలో ఒకటి తారుమారైతే ఆ తప్పు ఒకసారితో పోదు, వరస తిరిగిన ప్రతిసారీ నేతలో అదే చోట పడుతుంది. బరంపురంలో ఒక దేవాంగుల పెద్దాయనకి ప్రింటు చున్నీ చూపిస్తే రెండుసార్లు మడత విప్పి, వేలు పెట్టి అడిగాడు: "ఈ కాడ అట్ట తప్పినాదేటి బాబూ?" ఆ వేలు సరిగ్గా టైలు అంచు మీద ఉంది.

కాబట్టి టైలుని ఒంటరిగా చూసి అప్‌లోడ్ చేయకండి. అడ్డంగా మూడు, నిలువుగా మూడు పరిచి చూడండి. బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ క్రీటాలో డబ్ల్యూ నొక్కితే టైలు నాలుగువైపులా పరుచుకుంటుంది, అలా పరిచి ఉండగానే బొమ్మ వేసుకోవచ్చు కూడా. గింప్‌లో ఫిల్టర్స్, మ్యాప్, టైల్. కొత్త ఫొటోషాప్‌లో వ్యూ మెనూలో ప్యాటర్న్ ప్రివ్యూ. మొదటి రెండూ ఉచితమే.

లక్షణం: వెంట్రుకంత సన్నని గీత

అన్నిటికంటే ఎక్కువ విసిగించేది ఇదే, ఎందుకంటే చూడ్డానికి ఒకేలా ఉన్నా దీనికి మూడు కారణాలున్నాయి.

మొదటిది స్క్రీన్ మీద మాత్రమే కనబడే భ్రమ. ఇలస్ట్రేటర్‌లోనూ పీడీఎఫ్ వ్యూయర్లలోనూ టైళ్ల మధ్య సన్నని గీత కనబడుతుంది, ఫైల్లో మాత్రం ఉండదు. జూమ్ పెంచుతూ వెళ్లండి. ఎంత జూమ్ చేసినా గీత అదే సన్నంగా ఉండిపోతే, లేక మధ్యలో మాయమైతే, అది స్క్రీన్ వేసిన గీత. జూమ్‌తోపాటు తనూ లావెక్కుతుంటే నిజంగానే ఉంది.

రెండోది సగం పిక్సెల్. ఆర్ట్‌బోర్డు (బొమ్మ వేసే పలక) వెడల్పు 1200.4 పిక్సెళ్లు అనో, దాని స్థానం 0.5 అనో ఉంటే ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు అంచు వరస సగం పారదర్శకంగా వస్తుంది. అలాంటి రెండు అంచులు కలిసినచోట కింది తెలుపు బయటపడుతుంది. కొలతలూ స్థానాలూ అన్నీ పూర్ణాంకాలు చేయండి. నేపథ్యం రంగు డబ్బాని టైలు అంచు దగ్గర ఆపకుండా చుట్టూ కాస్త బయటకి చాచండి. అనుమానం తీరకపోతే టైళ్ల కింద కొట్టొచ్చే రాణీరంగు లేయర్ ఒకటి పెట్టండి. అతుకు దగ్గర ఆ రంగు తొంగిచూస్తే దొంగ దొరికినట్టే.

మూడోదాన్ని చాలామంది పట్టుకోలేరు. టైలు బాగానే కుదిరింది, పరిచి చూస్తే అతుకు లేదు. తర్వాత దాని మీద కాస్త బ్లర్ (మసక) వేశారు, లేదా సైజు తగ్గించారు. గీత వచ్చేసింది. ఏం జరిగిందంటే, బ్లర్ అనేది ప్రతి పిక్సెల్‌కీ పక్కవాటి రంగు కలుపుతుంది. మన టైల్లో ఎడమ అంచుకి పక్కన ఉండాల్సింది కుడి అంచు. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. అంచు అవతల ఏమీ లేదనుకుని, ఉన్న రంగునే సాగదీసి లెక్క కడుతుంది. రెండు అంచుల లెక్కలూ వేరువేరుగా వచ్చాక అవి కలవమంటే ఎలా కలుస్తాయి? సైజు మార్చినా ఇదే తంతు. దీనికి మందు ఒకటే: 1200 పిక్సెళ్ల టైలుని ముందు 3600 కాన్వాసు మీద తొమ్మిదిగా పరిచి, మొత్తం మీద బ్లర్ వేసి, నట్టనడుమ 1200 ముక్కని కత్తిరించి తీసుకోండి. క్రాప్ ఎడమ నుంచి 1200, పై నుంచి 1200 దగ్గర మొదలవ్వాలి. చేత్తో లాగొద్దు, అంకెలు టైపు చేయండి. సైజు తగ్గించేటప్పుడు కొత్త కాన్వాసు కొలత మూడుతో నిశ్శేషంగా భాగించబడేలా చూసుకోండి.

జేపెగ్ కూడా ఇలాంటి చిన్న అల్లరే చేస్తుంది. అది బొమ్మని 8 పిక్సెళ్ల గడులుగా కోసి కుదిస్తుంది, అంచు గడికి అవతలి అంచు సంగతి పట్టదు. సైటు ఒప్పుకుంటే పీఎన్‌జీ ఇవ్వండి.

లక్షణం: పువ్వు అంచు దగ్గర తెగింది, రెండు ముక్కలూ కలవట్లేదు

కుడి అంచులో బయటకి పోయినదంతా ఎడమ అంచులో అదే ఎత్తున లోపలికి రావాలి. కంటి అంచనాతో జరిపితే ఒకట్రెండు పిక్సెళ్ల తేడా ఉండిపోతుంది. టైలు వెడల్పు 2400 అనుకోండి, గంజాం తీరంలో విరగబూసే మొగలిపువ్వుని 2300 దగ్గర పెట్టారు. దాని నకలు 2300లోంచి 2400 తీసేస్తే, అంటే మైనస్ 100 దగ్గర ఉండాలి. మూలలో పడ్డ పువ్వుకి నాలుగు మూలలా నాలుగు ప్రతులు కావాలి, చాలామంది రెండే పెట్టి ఊరుకుంటారు. నకలు పెట్టాక అసలుని తిప్పినా, పెంచినా పాత నకళ్లు తీసేసి మళ్లీ పెట్టాల్సిందే.

అంకెలన్నీ సరిగ్గా ఉన్నా ఆకు మీద పువ్వు ఒకవైపూ, పువ్వు మీద ఆకు ఇంకోవైపూ కనబడుతోందా? లేయర్ల వరస చూడండి. నకలు చేసినప్పుడు ఒకటి పైకీ ఒకటి కిందకీ వెళ్లి ఉంటుంది.

చేత్తో గీసి స్కాన్ చేసిన బొమ్మలకి ఆఫ్‌సెట్, అంటే బొమ్మని పక్కకి జరిపే ఫిల్టర్, తేలిక. వెడల్పులో సగం, ఎత్తులో సగం జరిపి, చుట్టి రమ్మనే ఆప్షన్ పెడితే అంచులన్నీ మధ్యకొచ్చి కూడలిలా కనబడతాయి. ఆ కూడలిని పూలతో, ఆకులతో నింపండి. నింపేటప్పుడు బయటి అంచుని మాత్రం ముట్టుకోకూడదు. ముట్టుకుంటే కథ మొదటికొస్తుంది.

లక్షణం: దగ్గర్నుంచి బాగుంది, దూరం నుంచి బాటలు కనబడుతున్నాయి

అతుకు లేదు, అయినా గది అవతల్నుంచి కర్టెన్ చూస్తే నిలువునా ఖాళీ సందులు. లేదా ఒకే ముదురు పువ్వు బారులు తీరి నిలబడ్డట్టు. టైళ్లని గళ్లలా వరసగా పేర్చే గ్రిడ్ రిపీట్ స్వభావమే అంత. కళ్లు సగం మూసి తొమ్మిది టైళ్లనీ చూడండి, ముందుగా కంటికి తగిలినదే దోషి. అది చాలాసార్లు మిగతావాటికంటే ముదురుగా ఉండే ఒక్క పువ్వు, లేదా అన్నీ ఒకవైపు వాలి ఉంటే ఎదురు వాలిన ఒక్క కొమ్మ. దాన్ని తేలిక చేయండి, సందుల్లో చిన్న మొగ్గలు చల్లండి.

అదీ చాలకపోతే హాఫ్ డ్రాప్, అంటే పక్క వరస సగం ఎత్తుకి దిగడం. మన చీరల్లో బుటాలు ఒకటి విడిచి ఒకటి వేసేదీ ఇందుకే. స్పూన్‌ఫ్లవర్ లాంటి సైట్లలో హాఫ్ డ్రాప్‌ని సైటే చేసిపెడుతుంది. గ్రిడ్ మాత్రమే తెలిసిన సైట్లకి మీరే వెడల్పు రెట్టింపు చేసిన టైలు ఇవ్వాలి: మొదటి సగం మామూలుగా, రెండో సగం సగం ఎత్తు దిగి. టైలు ఎత్తు సరిసంఖ్య కాకపోతే ఇక్కడే ఒక పిక్సెల్ తేడా పుడుతుంది. ఫైల్లో ఒకసారి, సైటులో ఇంకోసారి రెండుచోట్లా హాఫ్ డ్రాప్ పెట్టినవాళ్లూ ఉన్నారు. డిజైను అర్థంకాకుండా చెదిరిపోతే ముందు చూడాల్సింది అదే.

బరంపురం పట్టు అంచులో రంపపు పళ్లలా వచ్చే కుంభాల వరస లాంటిది చేస్తున్నారా? దానికి హాఫ్ డ్రాప్ పెట్టొద్దు. అంచు ఒకే దిక్కున సాగేది, ఎడమా కుడీ కలిస్తే చాలు. దాన్ని గుడ్డంతా పరిస్తే, నాకైతే, చీర విప్పి కుప్ప పోసినట్టు అనిపిస్తుంది.

లక్షణం: పువ్వు మరీ పెద్దదిగానో చిన్నదిగానో వచ్చింది

1200 పిక్సెళ్ల టైలు 150 డీపీఐలో (అంగుళానికి 150 చుక్కలు) 8 అంగుళాలు, 300లో 4 అంగుళాలు. సైటు ఏ లెక్కన తీసుకుంటుందో ముందే చూసుకోండి. నూరు శాతం సైజులో ఏ4 కాగితం మీద ప్రింటు తీసి, పసిపిల్ల గౌను కైతే పిల్ల ఒంటి మీద, కర్టెన్ కైతే కిటికీకి పెట్టి చూడండి. సైటు చూపించే మాకప్ (ఉత్పత్తి మీద డిజైను అతికించిన) బొమ్మల్ని నమ్మొద్దు. చిన్న ఫైలుని సాగదీస్తే మసకే వస్తుంది. మొదట్నుంచీ పెద్దగా గీయాలి, లేదా ఎంత పెంచినా మసకబారని వెక్టర్‌లో చేయాలి.

లక్షణం: రంగు చచ్చిపోయింది

ఫైలు ఏ ప్రొఫైల్‌లో, అంటే ఏ రంగుల లెక్కలో ఉందో చూడండి. అడోబీ ఆర్‌జీబీలో చేసి ప్రొఫైల్ జతచేయకుండా పంపితే రంగులు వెలిసినట్టు కనబడతాయి. సైటు ఇంకేదైనా అడిగితే తప్ప మామూలు స్క్రీన్లు వాడే ఎస్ఆర్‌జీబీకి మార్చి, ప్రొఫైల్ జతచేసి పంపండి. ఫొటోషాప్‌లో గామట్ వార్నింగ్ పెడితే ఇంకుకి అందని రంగులు బూడిదరంగులో చూపిస్తుంది. మెరిసే చిలకాకుపచ్చ, రాణీరంగు అక్కడే దొరికిపోతాయి. ఒడిశాలోని కోట్పాడ్ నేతలో ఆల్ చెట్టు వేరుతో అద్దే ఎరుపూ గోధుమా అంత కొట్టొచ్చేవి కావు కనుక ప్రింటులో పెద్దగా మారవు. పట్టు మెరుపు మాత్రం ఎన్ని చేసినా రాదు. పట్టు దారంలోంచీ, పడుగు ఒక రంగు పేక ఒక రంగు అయిన నేతలోంచీ పుట్టే నిగనిగ అది, ఇంకుతో పుట్టదు. ముఖ్యమైన ఆర్డరుకి ముందు, మీ రంగులన్నీ చిన్న చిన్న గడులుగా పేర్చి అదే గుడ్డ మీద ఒక నమూనా తెప్పించుకోండి.

చిన్నాచితకా

నల్ల టీషర్టు మీద బొమ్మ చుట్టూ తెల్ల అంచు వస్తే సగం పారదర్శకమైన పిక్సెళ్లు కారణం. ముదురు గుడ్డ మీద రంగుల కింద ముందు తెల్ల ఇంకు పరుస్తారు, అది ఆ పిక్సెళ్ల దగ్గర బయటపడుతుంది. నీడలు, మెత్తటి అంచులు తీసేసి గీత కోసినట్టు ఉంచండి.

తెలుగు, ఒడియా అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడితే మిర్రర్ రిపీట్ ఎంచుకున్నారన్నమాట. అక్షరాల బదులు డబ్బాలొస్తే ఫాంట్ అవతలివాళ్ల దగ్గర లేదు, అక్షరాలని ఔట్‌లైన్లు (మామూలు ఆకారాలు) చేసి పంపండి.

చొక్కా భుజం కుట్టు దగ్గర, కప్పు పిడి దగ్గర డిజైను కలవకపోతే ఫైలుని తప్పుపట్టకండి. ముక్కలు కోసి కుట్టే బట్టలో అతుకు దగ్గర పూలు కలవవు. పెద్ద పెద్ద బొమ్మలు కాకుండా చిన్న పూల జల్లు అయితే తేడా తెలియదు.

లక్షణం: అంతా బాగుంది, సైటు డిజైను తీసేసింది

ఇక్కడ టైలుది తప్పు కాదు, పేరుది. బరంపురం పట్టుకీ, కోట్పాడ్ నేతకీ జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకుకే ఆ పేరు చెల్లే చట్టపు హక్కు, ఉంది. ఒడిశా నియమగిరి కొండల్లోని డొంగ్రియా కొంధు గిరిజనుల కపడాగండ కుట్టు శాలువాకీ, లాంజియా సవర గిరిజనుల బొమ్మలకీ 2024లో వచ్చింది. ప్రింటు పాలిస్టరుని ఆ పేర్లతో అమ్మకూడదు. శీర్షికలోంచీ ట్యాగుల్లోంచీ ఆ పేర్లు తీసేసి, ఉన్నదున్నట్టు "కుంభం అంచు ప్రింటు" అనో "త్రికోణాల వరస" అనో రాయండి. నియమగిరి స్త్రీలు కుట్టిన శాలువాని ఫొటో తీసి టైలు చేసి ఉంటే పేరు మార్చినా సరిపోదు, డిజైనే తీసేయండి. జగన్నాథుడి కళ్లో, శంఖచక్రాలో ఉన్న టైలుని ఉత్పత్తులన్నిటికీ ఒకేసారి టిక్ పెట్టేస్తే కాలితుడుపు పట్టా మీదా, చెప్పుల మీదా కూడా పడుతుంది. జాబితా తెరిచి ఆ రెండిటికీ టిక్ తీసేయండి.