ఊరి వీరజవాన్లకు స్మారక స్తూపం కట్టించేవారికి

అమరుడైన జవానుకు సిమెంటు విగ్రహం పెట్టించడం మన ఉత్తరాంధ్ర ఊళ్లలో రివాజుగా మారింది. అయితే పోలిక కుదరని విగ్రహాన్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు కనుక, పేర్లు చెక్కిన రాతి స్తూపమే మేలని నా అభిప్రాయం. 1757 నాటి యుద్ధానికి గుర్తుగా బొబ్బిలిలో నిలిపినదీ స్తూపమే.

ముందుగా స్థలం చూసుకోవాలి. రహదారులపైనా, కాలిబాటలపైనా, ప్రజోపయోగ స్థలాల్లోనూ విగ్రహాలకు, కట్టడాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఆదేశించింది. అందువల్ల కూడలిని ఆశించకుండా, రోడ్డుకు ఎడంగా ఉన్న చోటును ఎంచుకొని, పంచాయతీ తీర్మానం, అధికారుల అనుమతి చేతికి వచ్చాకే పునాది తీయాలి.

రాయి కోసం దూరం వెళ్లనక్కరలేదు. టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటు గట్టిది, చెక్కిన అంచు నిలుస్తుంది. తూర్పు కనుమల్లో దొరికే ఖోండలైటు అనే రాయి చెక్కడానికి సులువే గానీ, ఎండకూ వానకూ పొడిగా రాలి అక్షరాన్ని పోగొట్టుకుంటుంది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది కాబట్టి బయటికి కనిపించే కమ్మీలు, గొలుసులు పెట్టకపోవడం మంచిది.

అసలు శ్రద్ధ పేర్ల మీద ఉండాలి. హోదా, ఇంటిపేరుతో సహా పేరు, రెజిమెంటు, అమరుడైన తేదీ, చోటు ఉంటే చాలు. దాతల పేర్లు వెనుక వైపు చిన్న అక్షరాల్లో వేయవచ్చు. సైనిక రికార్డుల్లోని ఇంగ్లీషు అక్షరాలను చూసి తెలుగులో రాస్తే ‘రమణ’ కాస్తా ‘రామన’ అవుతాడు. కాబట్టి తేదీ, రెజిమెంటు రికార్డు నుంచి, పేరు మాత్రం ఇంటివారి నోటి నుంచి తీసుకోవాలి. ఆ పాఠాన్ని రాతిపై ఉండబోయే కొలతలోనే కాగితంపై రాయించి, వారం రోజులు పంచాయతీ గోడకు అంటించి, కుటుంబ సభ్యుల చేత చదివించి సంతకం తీసుకోవాలి.

తెలుగుకు మరో చిక్కు ఒత్తులు. ‘అప్పలస్వామి’లోని పకార ఒత్తు, వకార ఒత్తు కింది వరుసలోని గుడిదీర్ఘాలకు తగలకుండా ఉండాలంటే, వరుసల మధ్య దాదాపు అక్షరమంత ఎడం విడవాలి. ఒత్తును మరీ సన్నగా చెక్కితే రాయి పెచ్చు లేచిపోతుంది. బంగారు రంగు ఎలాగూ వెలుస్తుంది. రంగు లేకుండా, పక్క వెలుతురులో చదవగలిగినంత లోతు ఉందో లేదో చూసుకున్నాకే చెక్కేవారికి చివరి వాయిదా సొమ్ము ఇవ్వాలి.