స్టీల్ బాడీ స్పోర్ట్స్ కారుకు ఫైబర్ ఫ్లేర్లు బిగించడం ఎలా?

స్పోర్ట్స్ కారుకు వెడల్పాటి రిమ్ములు వేస్తే టైరు మడ్‌గార్డు అంచు దాటి బయటికి వచ్చేస్తుంది. దాన్ని కప్పడానికి చక్రం పైన తొడిగే వంపు ముక్కే ఫ్లేర్. రేకుతో చేయించాలంటే మంచి చెయ్యి ఉన్న టింకర్ దొరకాలి, ఖర్చూ ఎక్కువే. ఫైబర్‌వి, అంటే గాజునారను రెసిన్ అనే జిగురు ద్రవంతో గట్టిపరిచి చేసినవి, తేలిక, చవక. ఒకటి పగిలితే అదే అచ్చులో ఇంకొకటి తీయించుకోవచ్చు. చిక్కంతా బిగించే దగ్గరే.

ముందు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది. కాబట్టి ఇక్కడ చెప్పేది ట్రాక్ మీద తిప్పే కారుకే. నెల్లూరు, ఒంగోలు వైపున్న మనకు దగ్గరి ట్రాక్ చెన్నై అవతల ఇరుంగట్టుకోట్టై. కారును లారీ మీద ఎక్కించి తీసుకెళ్లండి. నెల్లూరు ట్రంకు రోడ్డులో షికారు చేద్దామంటే మాత్రం ఈ పని జోలికి పోవద్దు.

ఎండ చేసే పని

ఇనుమూ ఫైబరూ ఎండకు ఒకే లెక్కన సాగవు. మీటరు పొడవున్న ఇనప రేకు పది డిగ్రీల వేడికి 0.12 మిల్లీమీటర్లు సాగుతుంది. చేత్తో పోసిన ఫైబర్ ముక్క అంతకు రెట్టింపు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే సాగుతుంది. మే నెలలో నెల్లూరు ఎండలో నల్ల కారు రేకు మీద చెయ్యి ఆనించలేం. తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ నలభై డిగ్రీల తేడా ఉన్నా, మీటరు పొడవుకు రెండింటి మధ్య దాదాపు అర మిల్లీమీటరు జరుగుడు వస్తుంది. ఫ్లేర్‌ను రేకుకు అంటించి అతుకు మీద పుట్టీ పూస్తే, రోజూ అంత జరుగుతుంటే అది ఎన్నాళ్లు ఆగుతుంది? మొదట పెయింట్ కింద వెంట్రుకంత గీత కనిపిస్తుంది. తర్వాత అది పగులవుతుంది, అందులో నీళ్లు దిగుతాయి, ఆ వెనకే తుప్పు.

అందుకే నా ఓటు స్క్రూలతో బిగించే పద్ధతికే. మధ్యలో రబ్బరు బీడింగ్ పెట్టి, ఫ్లేర్ కాస్త కదలడానికి చోటు వదలాలి. స్క్రూలు బయటికి కనిపిస్తాయి, కనిపించనివ్వండి. 1971లో నిస్సాన్ అమ్మిన ఫెయిర్‌లేడీ 240జెడ్‌జీకి కంపెనీయే ఫ్లేర్లను రివెట్లు కనపడేలా కొట్టింది. 1973లో వచ్చిన బీఎండబ్ల్యూ 2002 టర్బోకీ బయటి నుంచి బిగించిన ఫ్లేర్లే. ఇవాళ ఆ కార్లు చూసి ముచ్చట పడనివాళ్లు లేరు.

ఎవరిని అడగాలి, ఎప్పుడు చేయాలి

ఆటోనగర్లో రేకు పనివాళ్లకు కొదవ లేదు. కోత, వెల్డింగ్, డెంటింగ్ వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఫైబర్ దగ్గరికి వచ్చేసరికి కొందరు దాన్నీ పుట్టీలాగే చూస్తారు. ఫైబర్ తెలిసినవాళ్లు తీరంలో ఉన్నారు. మైపాడు, జువ్వలదిన్నె, ఒంగోలు వైపైతే కొత్తపట్నం వెళ్లి చూడండి. వేటకు వెళ్లే ఫైబర్ బోటు పగిలితే ఒడ్డు మీదే మాటు వేసేస్తారు. మైపాడులో ఒకాయన పని చేస్తుంటే పక్కన నిలబడ్డాను. రెసిన్‌ను పెరుగు డబ్బాలో పావు వంతుకు మించి కలపలేదు. అది అయిపోయాకే ఇంకో డబ్బా. ఎందుకని అడిగితే, "ఒక్కసారే కలిపితే డబ్బాలోనే ఉడికిపోద్ది అబ్బయా" అన్నాడు. అక్షరాలా నిజం. హార్డ్‌నర్ కలిపాక రెసిన్ తనంతట తానే వేడెక్కుతుంది. ఎక్కువ మొత్తం ఒకేచోట ఉంటే పొగలు కక్కి గడ్డకడుతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో రెసిన్ పని పెట్టుకుంటే బ్రష్ ముంచేలోపే బిగుసుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాలకు ముసుర్లూ తుపానులూ. చెమ్మ గాలిలో రెసిన్ సరిగా ఆరదు, కోసిన రేకు తెల్లారేసరికి ఎర్రబడుతుంది. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి శివరాత్రి లోపు ముగించేలా చూసుకోండి.

1. టైరుకు ఎంత చోటు కావాలో చూడండి

ఫ్లేర్ పట్టుకుని కారు దగ్గరికి వెళ్లకండి. ముందు కొత్త చక్రాలు బిగించండి. కారును స్టాండ్ల మీద నిలబెట్టి, స్ప్రింగు తీసేసి, జాకీతో చక్రాన్ని పూర్తిగా పైకి లేపండి. గుంతలో పడ్డప్పుడు టైరు వెళ్లేది అక్కడిదాకే. ముందు చక్రాలను ఆ ఎత్తులోనే స్టీరింగ్ ఇటు చివరి నుంచి అటు చివరికి తిప్పి చూడండి. ఎక్కడ రాసుకుంటుందో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఎంత రేకు కోయాలో చెప్పేది ఈ గుర్తే. ఫ్లేర్ ఆకారాన్ని బట్టి కోస్తే తప్పుతుంది.

2. టేపుతో నిలబెట్టి కొలవండి

ఫ్లేర్‌ను మాస్కింగ్ టేపుతో అంటించి నిలబెట్టండి. చేత్తో పోసినవి కుడీ ఎడమా అచ్చంగా ఒకేలా ఉండవు. అందుకే ఫ్లేర్ అంచును నమ్మొద్దు. చక్రం మధ్య నుంచి పైకి, ముందుకు, వెనక్కి కొలిచి రెండు వైపులా సరిచూడండి. తర్వాత పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. టేపు కొలత సరిపోయి కంటికి వంకరగా ఉంటే, కంటికే విలువివ్వండి.

రేకుకూ ఫ్లేర్‌కూ మధ్య అక్కడక్కడా సందు ఉంటుంది. స్క్రూ బిగించి లాగేస్తే సందు మూసుకుంటుంది గానీ ఫైబర్‌లో బిగుతు మిగిలిపోయి స్క్రూ రంధ్రం దగ్గర పగులు పుడుతుంది. దానికి బోటు పనివాళ్ల చిట్కా ఒకటుంది. బాడీ మీద వెడల్పాటి ప్యాకింగ్ టేపు వరసగా అంటించి పైన మైనం రుద్దండి. ఫ్లేర్ వెనక అంచును 80 నంబర్ ఎమ్రీతో గరుకు చేసి, ఫైబర్ మ్యాట్‌ను (గాజునార చాపను) సన్నగా తుంచి రెసిన్‌లో కలిపిన ముద్దను దాని మీద పరచండి. ఫ్లేర్‌ను స్థానంలో మెల్లగా అదిమి వదిలేయండి. గట్టిపడ్డాక ఊడదీస్తే ఆ అంచు మీ కారు వంపుకు అచ్చు పోసినట్టు కూర్చుంటుంది. బయటికి పొంగిన ముద్దను గ్రైండర్‌తో తీసేయడమే. ఈ ఒక్క పనికి పూట పట్టినా విసుక్కోకండి.

రెసిన్ విషయంలో ఒక్క జాగ్రత్త తప్పితే ప్రాణాల మీదకు వస్తుంది. పాలిస్టర్ రెసిన్‌కు రెండు సీసాలు ఇస్తారు. ఒకటి ఊదా రంగు కోబాల్ట్ యాక్సిలరేటర్, ఇంకొకటి ఎంఈకేపీ అనే హార్డ్‌నర్. ఈ రెండింటినీ నేరుగా ఎప్పుడూ కలపకూడదు. మంట లేచి పేలే ప్రమాదం ఉంది. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపేయాలి, హార్డ్‌నర్ ఆ తర్వాతే, బరువులో ఒకటి నుంచి రెండు శాతం. కోబాల్ట్ ముందే కలిపిన రెసిన్ దొరికితే అదే కొనండి, టెన్షన్ ఉండదు. హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్లద్దాలు తప్పనిసరి. ఫైబర్ రాకేటప్పుడు మాస్కు, ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి. లేదంటే ఆ రాత్రంతా దురదతో నిద్ర పట్టదు.

3. రేకు కోత

ముందు మడ్‌గార్డు సులువు. బోల్టులతో ఊడొచ్చే ఒంటి రేకు అది. ఊడదీసి, గీసిన గీత వెంట కోసేయొచ్చు.

వెనక సంగతి వేరు. అక్కడ బయటి రేకూ లోపలి రేకూ అంచు దగ్గర మడిచి స్పాట్ వెల్డింగుతో కలిపి ఉంటాయి. బాడీ బలం కొంత ఆ అతుకులోనే ఉంది. బయటి రేకు కోశారంటే ఆ అతుకు పోయినట్టే. అలాగే వదిలేస్తే రెండు రేకుల మధ్య నోరు తెరుచుకుని, టైరు చిమ్మిన నీళ్లన్నీ డిక్కీలోకి చేరతాయి. కాబట్టి ముందు బయటి రేకు మాత్రమే కోయండి, లోపలిది ముట్టుకోవద్దు. తర్వాత లోపలి రేకు అంచుకు రెండు మూడు సెంటీమీటర్లకొకటి చొప్పున నిలువు గాట్లు పెట్టండి. ఆ పలకలను ఒక్కొక్కటిగా సుత్తితో బయటికి వంచి, బయటి రేకుకు ఆనించి సీఓటూ వెల్డింగ్ చేయించండి. చుక్క ఇక్కడ, ఇంకో చుక్క దూరంగా అక్కడ వేస్తూ పోవాలి. గీతలా ఒక్క ఊపున లాగితే వేడికి రేకు మెలిపడి, బయట పడిన సొట్ట తీయడానికి ఇంకో వారం పడుతుంది.

కోసే ముందు లోపలికి చెయ్యి పెట్టి చూడండి. పెట్రోలు పోసే గొట్టం, బ్రేకు పైపు, వెనక లైట్ల వైర్లు చాలా కార్లలో ఈ పక్కనుంచే వెళ్తాయి. బ్యాటరీ తీసేయండి. ట్యాంకు దగ్గరలో వెల్డింగ్ అయితే ట్యాంకు దించే చేయించండి, "ఏం కాదులే అన్నా" అనే మాట వినొద్దు. జింక్ పూత ఉన్న బాడీ అయితే, ఉదాహరణకు 1976 తర్వాతి పోర్షే 911 లాంటివి, వెల్డింగ్ చోట పూత రాకి తీయాలి. ఆ జింక్ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

4. తుప్పుకు దారి మూయండి

సముద్రం పక్క జిల్లాలో ఉంటూ ఈ పని దాటేస్తే మిగతాదంతా దండగే. వెల్డింగ్ చేసిన చోటల్లా బ్రష్‌తో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేయండి. రేపు వేద్దాంలే అనుకోవద్దు, ఉప్పుగాలి ఆగదు. అతుకుల మీద సీమ్ సీలర్ వేలితో అదిమి పూయండి. చక్రం లోపలి వైపు అండర్‌కోటింగ్ మందంగా పట్టించండి.

5. రివ్‌నట్లు, స్క్రూలు

రేకుకు నేరుగా స్క్రూ బిగిస్తే సన్నటి రేకులో మరలు నిలవవు. అందుకని రివ్‌నట్లు, అంటే రేకు రంధ్రంలో రివెట్‌లా బిగుసుకుని లోపల మరలు ఉండే నట్లు, వాడాలి. ఎం5 (5 మిల్లీమీటర్ల స్క్రూ పట్టే) రివ్‌నట్‌కు సాధారణంగా 7 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. ఫ్లేర్‌ను స్థానంలో పెట్టి మధ్య నుంచి మొదలుపెట్టి, పది పన్నెండు సెంటీమీటర్లకొకటి చొప్పున అటూ ఇటూ గుర్తులు పెట్టుకుంటూ పోండి. చివరల నుంచి మొదలుపెడితే మధ్యలో ఉబ్బుతుంది. రేకులో వేసిన ప్రతి రంధ్రం అంచుకూ ప్రైమర్ తాకించాకే రివ్‌నట్ దించండి.

ఫైబర్‌లో రంధ్రం మాత్రం స్క్రూ కంటే పెద్దగా ఉండాలి. ఎం5 స్క్రూకు 7 మిల్లీమీటర్లు వేయండి. ఎండకు ఫ్లేర్ సాగినప్పుడు జరగడానికి చోటు అదే. పైన వెడల్పాటి స్టెయిన్‌లెస్ వాషర్, దాని కింద పల్చటి నైలాన్ వాషర్. రంధ్రం నోరు వెడల్పు చేసి స్క్రూ తల లోపలికి దించే పని ఫైబర్‌లో చేయకండి, అక్కడినుంచే చీలుతుంది. అల్యూమినియం రివెట్లు చవగ్గా వస్తాయి గానీ, ఉప్పుగాలిలో ఇనుమును ఆనుకున్న అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది.

6. పెయింట్, బీడింగ్

ఫ్లేర్‌కు అచ్చు నుంచి వచ్చిన మైనం అంటుకుని ఉంటుంది. దాన్ని వ్యాక్స్ రిమూవర్‌తో తుడిచాకే ఎమ్రీ పట్టండి. ముందే ఎమ్రీ కొడితే మైనం గీతల్లోకి దిగి పెయింట్ నిలవదు. ప్రైమర్, పెయింట్ ఊడదీసి ఉండగానే వేయించండి, వెనక వైపు కూడా. తెలుపు, లేత రంగులైతే వేడి తక్కువ పడుతుంది.

తర్వాత అంచు పొడవునా రబ్బరు బీడింగ్ పెట్టండి. బీడింగ్ తోకకు స్క్రూలు వచ్చే చోట గాట్లు పెడితే వంపులో ముడతలు పడకుండా తిరుగుతుంది. స్క్రూలన్నీ వదులుగా ఎక్కించి, మధ్య నుంచి చివరలకు కొంచెం కొంచెంగా బిగించండి. మరలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు, థ్రెడ్ లాకర్, మధ్యరకంది చుక్క వేయండి. వాషర్ చేత్తో తిరగనంత బిగుతు చాలు.

అతుకు కనపడకూడదు అంటే

కొందరికి నున్నగా కలిసిపోతేనే ఇష్టం. అలాగైతే పాలిస్టర్ రెసిన్‌ను రేకు మీద వాడకండి, ఇనుముకు అది గట్టిగా పట్టదు. రేకును ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పున మెరిసేదాకా రాకి, ప్యానెల్ బాండింగ్ ఎపాక్సీతో అంటించండి. ఆరేదాకా స్క్రూలతో పట్టి ఉంచండి. స్క్రూలు తీశాక ఫైబర్ అంచును ఏటవాలుగా రాకి, ఎపాక్సీలో తడిపిన నేత గ్లాస్ గుడ్డను సన్నది, దానిమీద వెడల్పుది, ఇంకా వెడల్పుది అంటూ పొరలుగా వేయండి. గాజునార తుంపులను జిగురుతో అంటించిన మామూలు చాప్డ్ మ్యాట్ ఇక్కడ పనికిరాదు. అందులోని జిగురు పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్‌కే కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. పుట్టీ పల్చగా పూసి, పెయింట్‌కు ముందు కారును కొన్ని వారాలు ఎండలో వదిలేయండి. గీత రావాలనుంటే అప్పుడే వస్తుంది, సరిచేయడం సులువు. ఇంత చేసినా నల్ల రంగు వేస్తే నేను గ్యారంటీ ఇవ్వను.

ట్రాక్ మీదికి వెళ్లాక

మొదటి కొన్ని ల్యాపులు మెల్లగా తిప్పి లోపలికి రండి. ఫ్లేర్ లోపల చెయ్యి పెట్టి తడమండి. టైరు రాసుకుంటే ఆ చోట ఫైబర్ నున్నగా మెరుస్తూ, పట్టుకుంటే వేడిగా ఉంటుంది. అక్కడ ఇంకాస్త రాకాలి. స్క్రూలన్నీ ఒకసారి చూసుకుని, చేత్తో తిరుగుతున్న వాషర్లు ఉంటే బిగించండి. ఇంటికొచ్చాక ఫ్లేర్ వెనక పేరుకున్న రబ్బరు ముక్కలూ మట్టీ మంచినీళ్లతో కడిగేయండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడగొద్దు.