చెస్ సెట్టు కొనేముందు నాలుగు బంట్లు ఒకే గడిలో పెట్టి చూడండి

మా మేనల్లుడికి మొదటి చెస్ సెట్టు కొనిచ్చింది నేనే. నెల్లూరు రొట్టెల పండగప్పుడు, బారాషహీద్ దర్గాకి పోయే దారిలో పరిచిన అంగళ్లలో దొరికింది. అట్ట బోర్డు, తిప్పితే వెనక పాములూ నిచ్చెనలూ, లోపల బోలు ప్లాస్టిక్ పావులు. ఇంటికొచ్చి హాల్లో చాపేసి కూర్చున్నాం. ఉక్కపోతకి ఫ్యాను ఐదులో తిరుగుతోంది. నేను నాలుగో ఎత్తు ఆలోచిస్తుంటే వాడి బంటు దానంతటదే దొర్లుకుంటూ వచ్చి నా మంత్రిని పడేసింది. "మావయ్యా, అది నా ఎత్తు కాదు, ఫ్యాను ఎత్తు" అన్నాడు వాడు.

ఆ తర్వాత ఇంకో మూడు సెట్లు కొన్నాను. వాటిలో ఒకటి శుద్ధ దండగ. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పే వరస ఇదీ.

1. ఎక్కడ ఆడతారో ముందు తేల్చుకోండి

రైల్లో ఆడటానికైతే చిన్న అయస్కాంతం సెట్టు చాలు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో గూడూరు దాటాక తెరిస్తే ఒంగోలు వచ్చేసరికి రెండు ఆటలు అయిపోతాయి, కుదుపులకి పావులు కదలవు. ఇంట్లో రోజూ ఆడటానికీ, పిల్లలు టోర్నమెంట్లకి పోవడానికీ మాత్రం అది పనికిరాదు. చిన్న గళ్లకి అలవాటుపడిన కళ్లు పోటీలో పెద్ద బోర్డు ముందు కూర్చోగానే తడబడతాయి. చాలా లోకల్ టోర్నీలకి బోర్డు మనమే తీసుకుపోవాలి కూడా. కాబట్టి మొదటి సెట్టు పోటీ కొలతలోనే కొనండి.

2. బోర్డు కాదు, పావులు ముందు చూడండి

అంగట్లో అందరి చూపూ ముందు బోర్డు మీదే పడుతుంది. ఆటలో చెయ్యి పడేది పావుల మీద.

ఆకారం స్టాంటన్ అనే నమూనాలో ఉండాలి. 1849లో లండన్‌లో జాక్వెస్ సంస్థ అమ్మకానికి పెట్టిన నమూనా ఇది. ఆనాటి పేరున్న ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ పేరు పెట్టారు. ఈనాటికీ పోటీల్లో వాడేది దాన్నే. రాజులూ సైనికులూ బొమ్మల్లా చెక్కిన సెట్లు షోకేసులో బాగుంటాయి. వాటితో ఆడితే ఏది మంత్రో ఏది బిషప్పో ప్రతి ఎత్తుకీ వెతుక్కోవాలి. (మా ఇళ్లలో రూక్‌ని ఏనుగు అంటాం, బిషప్‌ని శకటు అంటాం. కొందరు సరిగ్గా తిరగేసి చెబుతారు. గొడవెందుకని ఆ రెండింటికీ ఇంగ్లీషు పేర్లే వాడుతున్నా.)

కొలతలకి ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) చెప్పిన లెక్క ఉంది: రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్లు, మంత్రి 8.5, బిషప్ 7, గుర్రం 6, రూక్ 5.5, బంటు 5. మిల్లీమీటర్లు పట్టుకుని కొలవక్కర్లేదు, మెట్లు మెట్లుగా దిగుతున్నాయా లేదా అన్నది చూసుకోండి. చవక సెట్లలో బిషప్పూ బంటూ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. గడియారం తరుముతున్నప్పుడు అక్కడే పొరపాటు జరుగుతుంది.

ఇక బరువు. మంచి పావుకి అడుగున లోపల ఇనుప ముక్క పెట్టి ఉంటుంది. రాజుని తీసుకుని సగానికి పైగా వంచి వదలండి. ఊగి మళ్లీ నిలబడితే మంచిది. నలభై అయిదు డిగ్రీలకే పడిపోతే వద్దు. తర్వాత చెవి దగ్గర పెట్టి ఆడించండి. గలగలమని చప్పుడొస్తే లోపలి బరువు ఊడి ఉందన్నమాట. అడుగున అంటించిన మెత్తటి గుడ్డ అంచుని గోటితో గీరి చూడండి. ఇప్పుడే లేస్తుంటే ఆర్నెల్లలో గుడ్డా పోతుంది, దాంతో పాటు బరువూ రాలిపోతుంది.

చెక్క సెట్టయితే నాలుగు గుర్రాల్నీ వరసలో నిలబెట్టండి. మిగతా పావులు లేతు మిషను మీద తిరిగితే వచ్చేస్తాయి. గుర్రం మాత్రం చేత్తో చెక్కాలి. మన ఉదయగిరి చెక్క గరిటెలు కొనేటప్పుడు అంచు మీద వేలు రాసి చూస్తాం కదా, అట్లాగే చెవుల దగ్గరా జూలు దగ్గరా వేలు పెట్టి చూడండి. గరుకు తగలకూడదు. తల అడుగు మీద అతికిన చోట వెంట్రుకంత పగులున్నా వదిలేయండి.

3. బోర్డుకీ పావులకీ జత కుదరాలి

సెట్టు బాగుండి బోర్డు ఇరుకైతే మంత్రిని జరపబోయి రూక్‌ని తగులుతుంటాం. దీనికి సులువైన పరీక్ష, ఒక గడిలో నాలుగు బంట్లు పెట్టడం. గీత దాటకుండా నాలుగూ సరిపోయి, మరీ ఖాళీ మిగలకపోతే జత కుదిరినట్టే. రాజు అడుగు గడి వెడల్పులో ముప్పాతిక వంతు ఉంటే కంటికి హాయిగా ఉంటుంది.

పోటీ బోర్డుకి గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు. 9.5 సెంటీమీటర్ల రాజుకి నేనైతే రెండుంపావు అంగుళాల గడి తీసుకుంటాను. ఆన్‌లైన్‌లో రాజు ఎత్తు రాసి గడి కొలత రాయనిచోట కొనొద్దు.

రంగు ఆకుపచ్చ-మీగడ, లేదా గోధుమ-మీగడ. నలుపు-ఎరుపు బోర్డు మీద గంట ఆడితే కళ్లు మండుతాయి. మెరుపు ఉండకూడదు. ఒంగోల్లో మా బంధువుల ఇంట్లో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌తో చేయించిన బోర్డు ఉంది. నల్ల గళ్లలో బంగారు చుక్కలు, చూడ్డానికి బ్రహ్మాండం. ఆడటానికి కూర్చుంటే ట్యూబ్‌లైటు మొత్తం అందులోనే కనిపిస్తుంది. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు కూడా.

అంచుల్లో అక్షరాలూ అంకెలూ ఉన్న బోర్డే తీసుకోండి, ఎత్తులు రాసుకోవడం పిల్లలకి వెంటనే అలవాటవుతుంది. అయితే అచ్చు సరిగ్గా ఉందో లేదో చూడండి. ఎ1 గడి (తెల్ల పావుల వాడి ఎడమచేతి మూల) ముదురు రంగులో ఉండాలి, ఆటగాడి కుడిచేతి మూల లేత గడి రావాలి. తిరగేసి అచ్చేసిన బోర్డులు అంగళ్లలో ఇప్పటికీ కనబడుతున్నాయి.

4. చెక్కా, ప్లాస్టిక్కా?

నా దండగ కథ ఇక్కడిదే. ఒక ఎగ్జిబిషన్‌లో మడత పెట్టే చెక్క సెట్టు చూపించి "ఎర్రచందనం సార్, మన రాపూరు అడివిది" అన్నాడు అమ్మేవాడు. ఎర్రచందనం నరకడం, రవాణా, అమ్మకం అన్నిటి మీదా ఎంత నిఘా ఉందో ఈ జిల్లాలో పుట్టిన నాకు తెలీక కాదు. ఆ ఎరుపు చూసి మైమరిచాను, అంతే. ఇంటికొచ్చి తడిగుడ్డతో తుడిస్తే గుడ్డంతా ఎర్రబడింది. కార్తీకం వానలకి బోర్డు ఉబ్బింది. మడత దగ్గర గట్టు లేచి నడిమి గళ్లలో పావులు ఏటవాలుగా నిలబడేవి.

అందుకే చెక్క కొనేటప్పుడు తడిపిన తెల్ల రుమాలుతో ఒక పావు అడుగుని రుద్ది చూడండి. ఎబొనీ (ఖరీదైన నల్ల చెక్క) అని అమ్మే నల్ల పావుల్లో చాలావరకు లేత రంగు చెక్క అయిన బాక్స్‌వుడ్‌కి నల్ల రంగు వేసినవే. అది తప్పు కాదు, ఎబొనీ ధర అడిగితే తప్పు. రెడ్ శాండల్ అని రాసి ఉంటే చాలాసార్లు అది పడౌక్ అనే చెక్క. వెలుతురుకి దాని ఎరుపు మెల్లగా గోధుమ రంగుకి తిరుగుతుంది. మన దేశంలో మంచి చెక్క సెట్లకి పేరున్న ఊరు అమృత్‌సర్.

సముద్రపు గాలి, నవంబరు వానలు, మే నెల ఎండలు అన్నీ ఉన్న మన వైపు మొదటి సెట్టుకి బరువు పెట్టిన ప్లాస్టిక్ పావులూ, చుట్టేసే వినైల్ బోర్డూ చాలు. మా వాడిది కిలో దాటి తూగుతుంది, ఫ్యాను దాన్ని ఏమీ చెయ్యలేదు. చెక్క మీద మనసుంటే మడత లేని పలక బోర్డు తీసుకుని, కిటికీకి దూరంగా పెట్టుకోండి.

5. డబ్బులిచ్చే ముందు

పావులన్నీ బయటపెట్టి లెక్కపెట్టండి. ముప్పై రెండు కాదు, ముప్పై నాలుగు ఉంటే మేలు. అదనపు మంత్రులు రెండు ఉంటే బంటు చివరి వరసకి చేరి మంత్రిగా మారినప్పుడు రూక్‌ని తలకిందులుగా నిలబెట్టే పాట్లు ఉండవు. ప్లాస్టిక్ రాజు నెత్తిమీది శిలువని మెల్లగా వంచి చూడండి, ముందు విరిగేది అదే.

వినైల్ బోర్డు చుట్టేటప్పుడు గళ్లు బయటికి వచ్చేట్టు చుట్టాలి, అప్పుడు పరిచినప్పుడు మూలలు లేవవు. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదిలేయకండి. మావాడు కావలి బస్టాండు దగ్గర మధ్యాహ్నం రెండు గంటలు వదిలేశాడు. ఇప్పుడు నాలుగు మూలలా నాలుగు పుస్తకాలు పెట్టి ఆడుతున్నాం.