మత్తిచ్చిన గంటకే ఒళ్లు చల్లబడుతుంటే

కడుపు తెరిచి చేసే పెద్ద క్యాన్సర్ ఆపరేషన్. మత్తిచ్చి గంట కాకముందే మానిటర్‌లో 35.1 డిగ్రీలు. వేడిగాలి దుప్పటి నడుస్తోంది, సెలైన్ దాన్ని వెచ్చబెట్టే వార్మర్ గుండానే వెళుతోంది. అయినా దిగుతోంది.

ముందు ప్రోబ్, అంటే ఒంట్లోకి దించిన ఉష్ణోగ్రత కొలిచే తీగ, చూడండి. అందరూ వదిలేసేది ఇదే. అన్నవాహిక కింది భాగం దాకా దిగకపోతే, అది శ్వాసగొట్టంలోని గాలి చల్లదనాన్ని చెబుతుంది. తర్వాత బ్లోయర్ గొట్టం, అంటే దుప్పటిలోకి వేడిగాలి ఊదే గొట్టం. అది దుప్పటి నుంచి ఊడి డ్రేప్‌ల (రోగిపై పరిచే శుభ్రమైన గుడ్డల) కింద టేబుల్ కాలును వెచ్చబెడుతుండగా ఎన్నిసార్లు పట్టుకున్నానో! అదే రోగి కాలికి తగిలితే చర్మం కాలుతుంది.

రెండూ సరిగా ఉంటే, తప్పు ఆపరేషన్‌కు ముందే జరిగిపోయింది. మత్తుతో చేతులు, కాళ్లలోని రక్తనాళాలు విచ్చుకుంటాయి. గుండె చుట్టూ ఉన్న వేడి అటు పరుగెడుతుంది. మొదటి గంటలోనే డిగ్రీ, డిగ్రీన్నర పోతుంది. పైనుంచి ఎంత ఊదినా దాన్ని వెంటనే ఆపలేం.

ఇది నాకు బెంగళూరులో ఒక డిసెంబరు ఉదయం తెలిసివచ్చింది. అనంతపురం నుంచి వచ్చిన పెద్దావిడ, పలుచని గౌనుతో థియేటర్ బయట ట్రాలీపై ఉంది. ఏసీ గాలి నేరుగా పాదాలపైకి. “చలి పెడుతోంది నాయనా” అంది. కన్నడంలోనూ అది ‘చళి’యే కాబట్టి, భాష తెలియలేదనే సాకు అక్కడ ఎవరికీ లేదు. “లోపల వెచ్చగా ఉంటుందమ్మా” అన్నది నేనే. ఆపైన ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్ను దగ్గర ఇచ్చే మందు) కోసం వీపంతా స్పిరిట్ పూసి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాం. మత్తిచ్చిన గంటకు 34.9. ఐదు గంటలు వెచ్చబెట్టినా 36 చేరలేదు. చల్లబడిన ఒంట్లో రక్తం సరిగా గడ్డకట్టదు, గాజుగుడ్డలు తడుస్తూనే ఉన్నాయి.

పరిష్కారం ట్రాలీ దగ్గరే ఉంది. అదే వేడిగాలి దుప్పటిని మత్తుకు ముందే అరగంట కప్పండి. కాళ్లూ చేతులూ ముందే వెచ్చబడితే లోపలి వేడి అటు పోవడం తగ్గుతుంది. తీరిక లేకపోతే పది నిమిషాలైనా మేలే. వార్డులోనే ఉష్ణోగ్రత చూడండి; 36 కన్నా తక్కువుంటే, అత్యవసరం కాకపోతే మొదలుపెట్టకండి. డ్రేప్‌లు పరిచేదాకా గదిని 21 డిగ్రీలకు తగ్గనివ్వకండి. సర్జన్ చెమట గురించి గొణుగుతారు, గొణగనివ్వండి.

నాలుగు డిగ్రీల ఫ్రిజ్ నుంచి వచ్చే రక్తం వార్మర్ గుండానే ఎక్కాలి, అది చెప్పాల్సిన పని లేదు. థైరాయిడ్ లోపం వల్ల ఇలా చల్లబడటం అరుదు, ఫైలు చూస్తే చాలు. హైపెక్‌లో, అంటే వేడి చేసిన క్యాన్సర్ మందుతో పొట్ట లోపల కడిగే చికిత్సలో, మాత్రం కథ తిరగబడుతుంది: పొట్టలో 41 నుంచి 43 డిగ్రీల మందు తిరుగుతుంది కాబట్టి, అది మొదలవక ముందే బ్లోయర్ వేడి ఆపేయండి.